రెండవ దారి లేనివాని కిరాయి

మన కళాశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము వ్రాసి యిండని సంపాదక వర్గమువారు కోరినపుడు, మేము ఏ ప్రబంధమును గూర్చియో, ఏ శతకమును గూర్చియో వ్రాయుదుమని వారు తలచియుందురు. మేము రైలు సరకు కిరాయిని గూర్చి వ్రాయబూనితిమి. తెలుగు బోధించువారికి గూడ్సు బండితో ఏమి పని యని విద్యార్థులు నవ్వుకొనవచ్చును. కాని ఈ విషయములోనికి మమ్ము నడిపించినది ఒక మాటయే. మాటలను విప్పి చూచుట మా వృత్తి గదా!

ఆ మాట 'గుత్త'. ఒక వస్తువును అమ్ము హక్కు ఒక్కని చేతనే ఉండుటను అర్థశాస్త్ర గ్రంథములు 'గుత్తాధిపత్యము' అనుచున్నవి. గుత్త యనగా పూర్వము కౌలు. సర్కారువారికి ఇంత సొమ్మని చెల్లించి, ఒక ఊరి శిస్తు వసూలునో, ఒక రేవునో, ఒక కల్లు దుకాణమునో ఒకడు గుత్తకు పుచ్చుకొనును. ఆ పిమ్మట అక్కడ అతడు పలికినదే ధర. మన ఉర్దూ శాఖవారు వాడు 'ఇజారాదారీ' అను మాట కూడ అట్టిదే. ఇజారా యనగా కౌలే. రెండు భాషలును ఒకే అనుభవము నుండి ఒకే అర్థమును పుట్టించుకొన్నవి. పాలకుడు అమ్మినది హక్కు, కొన్నవాడు ఒక్కడు, దాని వెల చెల్లించినవారు ఆ ఊరివారందరు.

మన సామెత యొకటి కూడ ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య. పెద్దలు దీనిని కృతఘ్నుని గూర్చి చెప్పుదురు. కాని ఒడ్డున మూటతో నిలిచినవాని వైపునుండి చూచిన వేరొక సంగతి బోధపడును. ఏటికి ఒకే పడవ ఉన్నంత కాలము మల్లయ్యకు ఆ గౌరవము తప్పదు, అతడడిగిన కూలియు తప్పదు. రెండవ పడవ వచ్చిన నాడు మల్లయ్య మాట మెత్తబడును. వంతెన పడిన నాడు అతడే మనలను పిలుచును. పడవ మారలేదు, ఏరు మారలేదు, మల్లయ్య శ్రమ మారలేదు. మారినది మనకు దొరికిన రెండవ దారి.

ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. రైలులో పోవు సరకు కిరాయి దూరమును బట్టియో, బరువును బట్టియో మాత్రమే నిర్ణయము కాదు. సరకు పంపువానికి రెండవ దారి కలదా లేదా అనుదానిని బట్టియే పెక్కు చోట్ల నిర్ణయమగుచున్నది. కనుక రెండవ దారి వచ్చుటకు వీలులేని చోట, ఆ కిరాయిని విచారించి తీర్పు చెప్పు స్వతంత్ర పీఠము ఒకటి ఉండి తీరవలెను.

మొదట రైలు స్వభావమును గ్రహింపవలెను. కట్ట పోయుట, వంతెనలు కట్టుట, పట్టాలు పరచుట, స్టేషన్లు నిర్మించుట, సిగ్నళ్లు నిలుపుట, ఇవన్నియు మొదటి బండి కదలుటకు ముందే కావలసిన ఖర్చులు. దినమునకు ఒక బండి నడచినను, ఏబది బండ్లు నడచినను ఈ ఖర్చులో హెచ్చు భాగము మారదు. ఒక లారీ కొనుటకు ఒక కుటుంబపు అప్పు చాలును. ఒక రైలు మార్గము వేయుటకు రాజ్యముల అప్పు కావలెను. ఒకే రెండు ఊళ్ల మధ్య పక్కపక్కన రెండు మార్గములు వేసిన, రెండును సగము ఖాళీగ నడచి రెండును నష్టపడును. అందుచేత రైలు తన స్వభావము చేతనే గుత్తకు దారి తీయును. ఇది ఒకరి దురుద్దేశము వలన పుట్టినది కాదు.

పెట్టుబడి అంతయు ముందే పడిపోయినందున, అదనముగ నడచు ఒక్క వ్యాగను కొరకు అగు ఖర్చు స్వల్పము. మరి ఆ మొదటి ఖర్చును ఎవరిపై ఎంత పంచవలెను? దీనికి రైల్వేలు అన్ని దేశములందును ఒకే సూత్రమును పట్టుకొన్నవి: సరకు ఎంత భరింపగలదో అంత వేయుట. పట్టు బేలు హెచ్చు కిరాయి భరించును; కంకర రాయి భరింపలేదు. రెంటికిని సమానముగ కిరాయి వేసిన కంకర కదలనే కదలదు. కంకర కొలదిగనైన చెల్లించిన పట్టుపై పడు భారము ఆ మేరకు తగ్గును. కావున ఈ సూత్రమును అన్యాయమని ఒక్క మాటతో కొట్టివేయరాదు. బరువైన చౌక సరకులు దూరదేశములకు పోగలుగుట దీని వలననే.

అయితే 'భరింపగలుగుట' అను మాటలో ఒక మోసము దాగియున్నది. పట్టు హెచ్చు భరించుట దాని విలువను బట్టి. కాని విలువ హెచ్చుగ లేకున్నను, వేరు దారి లేక భరించువారు కలరు. రైల్వే లెక్కల పుస్తకములో ఈ ఇద్దరును ఒకే వరుసలో నిలుతురు. ధనికుని స్తోమతకు, నిరుపాయుని దీనస్థితికి ఆ పుస్తకమున భేదము లేదు.

దీనికి అమెరికా దేశపు న్యాయస్థానములకెక్కిన ఒక ఉదాహరణము ప్రసిద్ధమైనది. ఇల్లినాయిస్ రాష్ట్రమున పియోరియా, గిల్మన్ అను రెండు పట్టణములు కలవు. న్యూయార్కునకు గిల్మన్ కంటె పియోరియా 86 మైళ్లు హెచ్చు దూరము. వాబాష్ అను రైలు కంపెనీ పియోరియా నుండి న్యూయార్కునకు 100 పౌండ్ల సరకుకు 15 సెంట్లును, దగ్గరనున్న గిల్మన్ నుండి అట్టి సరకుకే 25 సెంట్లును పుచ్చుకొనెను. దూరపు వానికి తక్కువ, దగ్గర వానికి ఎక్కువ! పియోరియా నది యొడ్డు పట్టణము. పలు రైలు మార్గములు కలియు చోటు. గిల్మన్‌కు అంతటి పోటీ అండ లేదు. పియోరియాలో పోటీ వలన తగ్గిన రాబడిని కంపెనీ గిల్మన్‌లో రాబట్టుకొనెను.

ఇల్లినాయిస్ శాసనము దీనిని నిషేధించినను, ఒక రాష్ట్రము హద్దు దాటి పోవు వాణిజ్యముపై ఆ రాష్ట్రమునకు అధికారము లేదని 1886లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాష్ట్రమునకు అధికారము లేదు, కేంద్రమున చట్టము లేదు. ఈ వెలితిని పూరించుటకై మరుసటి సంవత్సరము, 1887లో, ఆ దేశపు కాంగ్రెసు అంతర్రాష్ట్ర వాణిజ్య చట్టమును చేసి, రైలు కిరాయిలను విచారించుటకు ఒక కమిషనును నియమించెను. ఒకే మార్గముపై, ఒకే దిశలో, ఒకే విధమైన పరిస్థితులలో, దగ్గర చోటికి దూరపు చోటి కంటె హెచ్చు కిరాయి పుచ్చుకొనరాదని ఆ చట్టము శాసించినది.

అట్లయిన పోటీ ఉన్నచోట అంతయు న్యాయమేనా? అదియు కాదు. రెండు కంపెనీలు ఒక సరకు కొరకు పెనుగులాడినపుడు, ఆ పెనుగులాట ఫలము ముందుగ పెద్ద వర్తకునికి దక్కును. స్టాండర్డ్ ఆయిల్ సంస్థ చరిత్ర ఇందుకు సాక్ష్యము. క్లీవ్‌లాండ్ నుండి చమురు తీసికొని పోవుటకు పలు రైలు కంపెనీలు పోటీ పడినవి. పెద్ద మొత్తమున సరకు ఇయ్యగల ఆ సంస్థ ప్రకటిత కిరాయిలో కొంత భాగమును రహస్యముగ తిరిగి పుచ్చుకొనెడిది. 1872లో బయటపడిన ఒక ఒప్పందము మరింత వింతయైనది. దాని ప్రకారము, ప్రత్యర్థులు చెల్లించు కిరాయిలో కూడ కొంత భాగము ఆ సంస్థ చేరిన కూటమికే ముట్టవలెను! ప్రజల ఆగ్రహమునకు ఆ ఒప్పందము అమలులోనికి రాకమునుపే రద్దయినది. రహస్యపు తగ్గింపులను గట్టిగ నిషేధించు చట్టము మాత్రము 1903 వరకు రాలేదు. రైళ్ల మధ్య పోటీయే చమురు వ్యాపారమున గుత్తను పెంచినదన్న మాట. పోటీకి కన్నులు లేవు. అది బలవంతుని చేయి పట్టుకొని నడచును.

ఇక మన దేశపు కథ. ఇచ్చట తొలి రైలు కంపెనీల పెట్టుబడిపై 5 శాతము వడ్డీకి ప్రభుత్వము పూచీ పడినది. లాభము వచ్చిన కంపెనీకి, లోటు వచ్చిన రైతు చెల్లించు శిస్తుకు. ధవళేశ్వరము, బెజవాడ ఆనకట్టలతో మన వారికి చిరస్మరణీయుడైన సర్ ఆర్థర్ కాటన్ ఆ దినములలోనే దీనిని ప్రశ్నించెను. బరువైన సరకులకు రైలు కంటె కాలువయే చౌక యని ఆయన వాదము. గోదావరి, కృష్ణా కాలువలు సేద్యమునకే గాక పడవలు నడచుటకు కూడ తగినట్లు త్రవ్వబడినవి. 1877–78 కరవు కాలపు పనులతో పొడిగింపబడిన బకింగ్‌హాం కాలువ ఆ కాలువలను మద్రాసుతో కలిపినది. 19వ శతాబ్ది చివర తీరము వెంట రైలు వచ్చిన పిమ్మట క్రమముగ పడవలు తగ్గినవి. ఓడలు బండ్లగుట యన్నది ఇచట అక్షరాల జరిగినది. వేగమునకు మేము విరోధులము కాము. కాని కాలువలో పడవ ఉన్నంత కాలము రైలు కిరాయికి అదియొక గట్టు. పడవ పోయిన నాడు ఆ గట్టు తెగిపోవును.

నాటి రైలు కంపెనీల చేతిలో 'బ్లాకు రేటు' అను ఆయుధమొకటి ఉండెడిది. ఒక కంపెనీ మార్గముపైనున్న ఊరికి పదిమైళ్ల దూరమున వేరొక కంపెనీ జంక్షను కలదనుకొందము. ఆ జంక్షను మీదుగ పోయిన సరకు రేవునకు దగ్గర. కాని మొదటి కంపెనీ ఆ పదిమైళ్లకే భారీ కిరాయి వేయును. దానితో వర్తకుడు దగ్గర దారి విడిచి, మొదటి కంపెనీ పట్టాలపైననే చుట్టు తిరిగి పోవలసి వచ్చును. ఆ అదనపు దూరము మోసిన ఇంజనుకు బొగ్గు వృథా, వర్తకునికి కాలము వృథా, దేశమునకు రెండును వృథా. కంపెనీకి మాత్రము సరకు చేజారలేదు.

రేవు పట్టణముల మధ్య మాత్రము పోటీ గట్టిది. ఉత్తర హిందూస్థానపు ధాన్యము బొంబాయికి పోవునా కలకత్తాకు పోవునా అని కంపెనీలు పోరాడి, రేవునకు పోవు సరకుకును, రేవు నుండి వచ్చు సరకుకును కిరాయి తగ్గించుకొన్నవి. లోపలి ఊరి నుండి లోపలి ఊరికి పోవు సరకుకు అట్టి అదృష్టము లేదు. మన పత్తి సముద్రము దాటుటకు సులభము, మన మిల్లునకు చేరుటకు కష్టము! 1916లో నియమింపబడి 1918లో నివేదిక సమర్పించిన భారత పారిశ్రామిక కమిషను కూడ రైలు రేట్లు రేవుల వైపు మొగ్గియున్నవని గుర్తించినది. దేశభక్తులు దీనిని పరపాలకుల పక్షపాతమనిరి. పక్షపాతము నిజమే, దానికి తోడు, పోటీ ఉన్నచోట తగ్గి, లేనిచోట పెరుగు కిరాయి స్వభావము కూడ ఇందున్నదని మా అభిప్రాయము.

మన హైదరాబాదు సంస్థానమున 1874లో వాడి నుండి సికిందరాబాదుకు రైలు వచ్చినది. 1883లో లండనులో పెట్టుబడి సేకరించి ఆ మార్గమును కంపెనీకి అప్పగించి పొడిగించు ఏర్పాటు, చాందా రైల్వే పథకము పేరున, చర్చకు వచ్చినది. సంస్థానపు ఖజానాపై ఎంత భారము పడును, షరతులు ఏవి, కాగితములు ప్రజల ముందుంచుడని కొందరు పౌరులు కోరిరి. వారిలో ముఖ్యులు డాక్టర్ అఘోరనాథ ఛటోపాధ్యాయ. తరువాత నిజాం కళాశాలగ ప్రసిద్ధమైన విద్యాలయపు ప్రధానాచార్యుడు, సరోజినీ నాయుడు తండ్రి. ముల్లా అబ్దుల్ ఖయ్యూం కూడ ఆ ఆందోళనమున పాల్గొన్న ప్రముఖుడు. ఫలితముగ ఛటోపాధ్యాయను హైదరాబాదు నుండి వెడలగొట్టిరి. రైలు లెక్కలు చూపుమని అడిగినందుకు ఒక కళాశాల అధ్యాపకునికి దేశ బహిష్కారము! ఈ సంచిక చదువు విద్యార్థులు ఈ సంఘటనను జ్ఞాపకముంచుకొనవలెనని మా కోరిక. ఆయనయు ముల్లా సాహెబును వేర్వేరు మతములవారు, అడిగిన ప్రశ్న ఒక్కటే.

ఆ రైల్వే 1889 నాటికి బెజవాడ చేరినది. సింగరేణి బొగ్గునకు దారి చూపినది. 1930లో నిజాం ప్రభుత్వము దానిని కొని స్వంతము చేసికొన్నది. 1932లో ఆ రైల్వేయే తన రోడ్డు రవాణా విభాగమును తెరచి 27 బస్సులతో సర్వీసులు ప్రారంభించినది. నేటి ఆర్టీసీలకు మూలము అదియే. ప్రజలకు అది మేలు చేసినది, సందేహము లేదు. కాని పోటీ వచ్చునేమోయను చోట గుత్తదారుడు తానే ముందుగ అడుగు పెట్టుట కూడ ఇందు కనిపించుచున్నది.

బ్రిటిషు ఇండియాలో 1920–21లో కూర్చున్న ఆక్వర్తు కమిటీ, కంపెనీల యాజమాన్యము తొలగించి రైళ్లను ప్రభుత్వమే నడుపవలెనని చెప్పుటతో పాటు, రేట్లను విచారించు ట్రిబ్యునలు కావలెనని కూడ సిఫారసు చేసినది. 1926లో వచ్చినది ట్రిబ్యునలు కాదు, సలహా సంఘము. నిజమైన రైల్వే రేట్ల ట్రిబ్యునలు 1949లో గాని రాలేదు. అదియు వచ్చినదే గాని దాని చేతులు కట్టబడియున్నవి. సరకుల తరగతుల నిర్ణయమును ట్రిబ్యునలు విచారింపరాదని 1989 రైల్వే చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. కిరాయి యంతయు తరగతిలోనే ఉన్నది! 100వ తరగతి మూలము. 150వ తరగతిలో వేసిన సరకు సగము అదనముగ చెల్లించును. తరగతిని ప్రశ్నింపరాదని చెప్పి రేటును ప్రశ్నింపుమనుట, తాళపు చెవిని తమవద్ద నుంచుకొని తలుపు మీదే యనుట వంటిది. 2017లో ఆ ట్రిబ్యునలును నష్టపరిహారములు విచారించు రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునలులో కలిపివేసిరి.

స్వాతంత్ర్యానంతరము రైళ్లన్నియు ఒక్క యజమాని క్రిందకు వచ్చినవి. కంపెనీకి కంపెనీకి నడుమ బ్లాకు రేట్ల పోరు ఆగినది. కాని రోడ్డు మీద లారీ వచ్చినది. 1951లో దేశపు సరకు రవాణాలో రైలు వంతు సుమారు 89 శాతము. 2020 నాటి జాతీయ రైలు ప్రణాళిక లెక్క ప్రకారము అది 27 శాతము. గుత్త యుండియు ఇంత కోల్పోవుట ఎట్లు? విలువ గల తేలిక సరకులకు రెండవ దారి దొరకినది. ఇంటి గుమ్మము వద్ద ఎత్తి గుమ్మము వద్ద దించు లారీని అవి ఎంచుకొన్నవి. రైలుకు మిగిలినవి లారీ మోయలేని బరువులు: బొగ్గు, ఇనుప ఖనిజము, సిమెంటు, ఎరువులు, ఆహార ధాన్యములు. నేడు రైలు ఏటా మోయు 150 కోట్ల టన్నులకు మించిన సరకులో దాదాపు సగము బొగ్గే.

ఇచట లారీని గూర్చి కూడ ఒక మాట. మా మామూగారు మిరపకాయల వర్తకము చేసెడివారు. చిన్ననాట సెలవులలో వారి వెంట మార్కెట్టు యార్డునకు పోయెడివారము. రాజమార్గముపై వందల లారీలు ఖాళీగ పోవుచుండెడివి. కాని ఆ యార్డులో వరుస పద్ధతి యొకటి ఉండెడిది. స్థానిక లారీ యజమానుల సంఘము వంతు ప్రకారమే సరకు ఎత్తవలెను. బయటి లారీ గేటు లోపలికి రారాదు. పంట వచ్చిన వారమున వారు చెప్పినదే కిరాయి. "ఇదేమి మామూ, రోడ్డు నిండ లారీలే గదా?" యని మేము అడిగితిమి. ఆయన బస్తాపై కూర్చుండి, "లారీ రోడ్డు మీద ఉంటే ఏం లాభం బేటా, గేటు లోపల ఉండాలి" అనిరి. అర్థశాస్త్రమున మాకు దొరకిన మొదటి పాఠమదియే. పోటీ దేశమున ఉన్నదా యని కాదు, నీ సరకు ఉన్నచోట ఉన్నదా యని చూడవలెను.

సరుకుల పెట్టెల రవాణాలో ఇదే కథ వేరు రూపమున జరిగినది. 1988లో ప్రభుత్వము కంటెయినర్ కార్పొరేషనును స్థాపించినది. 2006లో ప్రైవేటు సంస్థలకు కూడ కంటెయినరు బండ్లు నడుపు అనుమతి నిచ్చినది. కాని పట్టాలు రైల్వేవి, ఇంజను రైల్వేది, లాగుడు రుసుము నిర్ణయించునది రైల్వే, పోటీదారుగ ఎదుట నిలిచిన కార్పొరేషను కూడ రైల్వే మంత్రిత్వ శాఖ అధీనములోనిదే. ఆటలో ఒక పక్షమువాడే మైదానపు యజమాని, వాడే అంపైరు. కొత్తవారికి అనుమతి పత్రము దొరకినది. గేటు మాత్రము పూర్తిగ తెరచుకొనలేదు.

ఇప్పుడు విద్యార్థులకు సంబంధించిన సంగతికి వత్తము. ప్రయాణికుని చేరవేయుటకగు ఖర్చులో సగటున 57 శాతమే టిక్కెట్టు వలన వచ్చుచున్నదని 2016 నుండి రైలు టిక్కెట్లపైననే అచ్చు వేయజొచ్చిరి. మిగిలిన భాగమును హెచ్చుగ తీర్చునది సరకు రవాణా. అందు ముఖ్యముగ బొగ్గు. మన విద్యార్థి సీజను టిక్కెట్టు చౌకగనున్న, అందులో సింగరేణి బొగ్గు చెల్లించిన భాగము కొంత కలదు. బొగ్గు ఆ సొమ్మును ఎక్కడినుండి తెచ్చును? విద్యుత్ కేంద్రము నుండి. విద్యుత్ కేంద్రము మన ఇంటి మీటరు నుండి. రైలు ఎన్నడు ఎక్కని కుట్టుపని వాడు, పిండిమర వాడు, మోటారు పెట్టుకొన్న చేనేత కార్మికుడు, వీరందరును కరెంటు బిల్లులో మన రైలు ప్రయాణమునకు చందా చెల్లించుచున్నారు. వారిని ఎవరును అడుగలేదు. వారికి తెలియను కూడ తెలియదు.

చౌక టిక్కెట్టు తీసివేయవలెనని మేము చెప్పుట లేదు. పేదవాడు ప్రయాణము చేయగలుగుట రాజ్యధర్మము. అయితే ఆ ధర్మమును రాజ్యము తన ఖజానా నుండి, చట్టసభ యెదుట లెక్క చూపి చేయవలెను. బొగ్గుకు రెండవ దారి లేదు గనుక దానిపై వేసి చేయుట ధర్మము కాదు. అది గిల్మన్ మీద వేసిన పది సెంట్ల వంటిదే, పుచ్చుకొను చేయి మాత్రము సర్కారుది.

అట్లయిన కట్టుబాట్లన్నియు తీసివేసి పోటీకి విడిచిపెట్టుడని కొందరు చెప్పుదురు. అమెరికాను చూపుదురు. 1970లో అచ్చటి పెన్ సెంట్రల్ అను పెద్ద రైలు కంపెనీ దివాలా తీసినది. కమిషను కట్టుబాట్లు రైళ్లను లారీలతో పోటీ పడనీయలేదను అభిప్రాయము బలపడి, 1980లో స్టాగర్స్ చట్టము వచ్చినది. కంపెనీలు వర్తకులతో స్వేచ్ఛగ ఒప్పందములు చేసికొనవచ్చును. ధరల పెరుగుదలను తీసివేసి చూచిన, నాటి నుండి సగటు కిరాయి 40 శాతమునకు పైగా తగ్గినది. వయోమింగ్ రాష్ట్రపు పౌడర్ నది ప్రాంతమున బొగ్గుకు ఒకే రైల్వే ఉండెడిది. 1984లో రెండవ రైల్వే ప్రవేశించినంతనే కిరాయిలు దిగివచ్చినవి. పోటీ శక్తికి ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు. దీనిని మేము కాదనము.

కాని సగటు అను మాట మోసకారి. సగటు తగ్గినను, ఒకే రైల్వే పట్టాపై ఆధారపడిన ధాన్యపు గిడ్డంగి, రసాయన కర్మాగారము, విద్యుత్ కేంద్రము హెచ్చు చెల్లించుచునే యున్నవి. అచ్చటివారు వారిని 'బందీ వర్తకులు' అనుచున్నారు. కిరాయి మారుఖర్చుకు 180 శాతము దాటిన గాని వారి ఫిర్యాదును విచారింపరు; దాటినను రైల్వేకు ఆ సరకుపై గుత్త కలదని ఋజువు చేయవలెను. 1980లో ముప్పదికి పైగా నుండిన పెద్ద కంపెనీలు, కలిసి కలిసి 2023 నాటికి ఆరైనవి. వాటిలో యూనియన్ పసిఫిక్, నార్ఫోక్ సదరన్ అను రెండు ఒకటి కాదలచినట్లు 2025లో ప్రకటించినవి. స్వేచ్ఛగ విడిచిన పోటీ కొంత కాలమునకు తన్ను తానే తినివేయుటయు కలదు.

కాబట్టి మా అభిప్రాయమును మూడు మాటలలో మనవి చేయుదుము. మొదటిది, పోటీ సాధ్యమైన చోట దానిని నిజముగ రానీయవలెను. అనుమతి పత్రము ఇచ్చుట చాలదు; సరకు ఎత్తు స్థలము, పట్టాపై వంతు, లాగుడు రుసుము అందరికి సమానముగ దొరకవలెను. రెండవది, పోటీ సాధ్యము కాని చోట సరకు వారీగ కిరాయితో పాటు ఖర్చును కూడ ప్రకటింపవలెను. 1924 నుండి వేరుగ వచ్చుచుండిన రైల్వే బడ్జెట్టు 2017లో సాధారణ బడ్జెట్టులో కలిసిపోయినది. నాడు ఏటికొకసారి యైనను దేశమంతయు కిరాయిని గూర్చి చర్చించెడిది. నేడు ఆ చర్చ పలచబడినది. మూడవది, తరగతులను కూడ విచారింపగల, రైల్వేకు లోబడని తీర్పరి కావలెను. 2017లోనే కేంద్ర మంత్రివర్గము ఒక రైలు అభివృద్ధి ప్రాధికార సంస్థకు ఆమోదము తెలిపినది. కాని దానికి ఉద్దేశించినది సలహా చెప్పు పని మాత్రమే. 1926లో సలహా సంఘముతో సరిపెట్టిన తప్పును తిరిగి చేయుట దేనికి?

ప్రభుత్వ సంస్థ ప్రజలదే గదా, దానిపై తీర్పరి ఎందుకని ఆక్షేపింపవచ్చును. లాభము కొరకు గాక సేవ కొరకు నడచు గుత్త మంచిదే. కాని సేవ ఎవరికి, వెల ఎవరిది అను లెక్క తెలియనంత వరకు, మంచి గుత్తదారునికిని చెడ్డ గుత్తదారునికిని భేదము చెప్పుట ఎట్లు? మంచివాడైనచో లెక్క చూపుటకు జంకు ఉండదు.

కళాశాల కమిటీవారికి ఒక చిన్న విన్నపము. రైల్వే చట్టము, సరకు రేట్ల పట్టికలు మన గ్రంథాలయమున ఉంచిన మంచిది. వాణిజ్య శాస్త్ర విద్యార్థులు ఏటా ఒకసారి మన ఊరి గూడ్సు షెడ్డునకు, లారీ అడ్డాకు, మార్కెట్టు యార్డునకు పోయి, ఏ సరకుకు ఎంత కిరాయి, ఎవరికి ఎన్ని దారులు కలవు అని వ్రాసికొని వచ్చి ఈ సంచికలోనే ప్రకటించిన, అది పది పాఠములకు సమానము. ఉర్దూ విద్యార్థులు ఉర్దూలో, తెలుగు విద్యార్థులు తెలుగులో వ్రాయుదురు గాక. అంకెలకు రెండు భాషలును ఒక్కటే. 1883లో ఒక అధ్యాపకుడు ఊరు విడువవలసి వచ్చిన ప్రశ్నను నేడు మన విద్యార్థులు గ్రంథాలయమున కూర్చుండి నిర్భయముగ అడుగగలరు. అడుగుదురని మా ఆశ.